పట్టువిడుపులు

ధర్మపురి నుండి పెన్నాగరము మీదుగా హొగెనకల్లు జలపాతమునకు సాగిపోవు త్రోవకు ఇరువంకల, ఎండకు కాగి నల్లబడిన బండలును, వాని సందుల నెదిగిన ముండ్లపొదలును, పొదల మొదళ్ల లేచిన ఎఱ్ఱమట్టి పుట్టలును చూచిన బాటసారికి అది బీడుభూమిగా తోచవచ్చును గాని, పొద్దెక్కిన వేళ ఆ బండలపై కదలక మెదలక వెచ్చదనము గ్రోలుచు, చీలిన నాలుకను మాటిమాటికి వెలికి చాచి గాలిలోని వాసనల నరయుచుండు ఉడుమునకు మాత్రము అది సర్వసమృద్ధమైన స్వగృహము. ఈ సీమలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములవారు దానిని ఉడుమనియు, తమిళులు ఉడుంబనియు అందురు. సంస్కృతమున దానికి గోధయని పేరు. పేరులు వేఱైనను ఆ ప్రాణిని గూర్చిన నానుడి మాత్రము ఇరుభాషలందును ఒక్కటియే. పట్టినది విడువని మొండివానిది ఉడుముపట్టని మనము అందుము, ఉడుంబుప్పిడియని వారందురు.

అయితే ఆ పట్టు ఎట్టిదో ఒకింత నిదానించి చూడవలెను. శత్రువు తరిమినపుడు ఉడుము రాతిసందులోనికి దూరి, దేహమును గాలితో ఉబ్బించి, గోళ్లను రాతికి నాటి, ఎంత లాగినను వెలికి రాకుండ బిగిసి నిలుచును. అది బ్రతుకుటకై పట్టిన పట్టు. ఆపద తొలగినంతనే తానే సడలించుకొని వెలుపలికి వచ్చి తన త్రోవను పోవును. మానవుని పట్టు అట్టిది గాదు. ఆపద లేకున్నను, ఆకలి లేకున్నను, కేవలము ఇష్టమువలననే మనము పట్టుదుము. ఇష్టమువలన పట్టితిమి గనుక అది దోషము గాదని నమ్ముదుము. ప్రేమించిన వన్యప్రాణిని ఇంట బంధించి ఉంచుకొనుట ప్రేమయే యగునా, లేక ప్రేమ వేషము ధరించిన మఱియొకటి యగునా అను ప్రశ్న వేదాంతగ్రంథములకు మాత్రమే చెందినది కాదు. దానికి నిశ్చితమైన ఉత్తరము ఒక ఆడు ఉడుము గర్భములో దొరకుచున్నదని నా విశ్వాసము. ఆ సంగతినే ఈ వ్యాసమున విన్నవింపబూనితిని.

ఒక గృహస్థుని భావింపుడు. ఆతడు క్రూరుడు కాడు. పొలముగట్టున దొరికిన జానెడు ఉడుముపిల్లను కాకులు పొడుచుకొని తినునేమోయని జాలిపడి యింటికి తెచ్చెను. మొదట పురుగులను, పిదప కోడిగ్రుడ్లను, ఎలుకలను మేతగా పెట్టి పెంచెను. ఏండ్లు గడచినకొలది అది నాలుగడుగులు దాటిన పెద్ద ఉడుమైనది. ఆతని అడుగుల చప్పుడు గుర్తింప నేర్చినది. చేతినుండి మేత తినుటకు అలవాటుపడినది. ఇరుగుపొరుగువారు వింతగా చూచుచుండ ఆతనికి దానిపై పుత్రవాత్సల్యము వంటిది కలిగినది. ఇంతలో ఒక యేట వేసవి చివర అది మేత మానినది. పొట్ట ఉబ్బినది, తోకమొదలు ఎండి ఎముక తేలినది, పగలెల్ల సిమెంటు నేలను ముంగాళ్లతో గీకుచునే యున్నది, గోళ్లు అరిగి నెత్తురు చిమ్మినను మానదు. ఆతడు దానికి జబ్బు చేసినదనుకొనెను. కాని ఆ గీకుడు జబ్బు కాదు; అది తల్లి యగుటకు పూనిక.

ప్రకృతిలో జరుగు విధమును తెలిసికొన్నగాని ఈ గీకుడు అర్థము కాదు. మన దేశమునందలి సామాన్యపు ఉడుములలో మగవి ఏప్రిల్ నెలనాటికే జోడుకొఱకు పోరాటమునకు దిగును. జూను మొదలు సెప్టెంబరు వఱకు సంతానఋతువు. గర్భిణియైన ఉడుము సమతలమునందో, వాగుగట్టునందో, కొన్నియెడల చెదపుట్టయందో తానే గుంత త్రవ్వి, ఇంచుమించు ఇరువది గ్రుడ్లను పెట్టి, మన్ను కప్పి, ఆ మన్నును మూతితో అదిమి గట్టిపఱచును. అంతటితో నిలువక, దోచుకొనవచ్చు జంతువులను భ్రమింపజేయుటకై చుట్టుప్రక్కల వట్టి గుంతలను గూడ త్రవ్వి మట్టిని చెదరగొట్టి పోవును. ఆ గ్రుడ్లు నూట అఱువదియెనిమిది దినములు మొదలు రెండువందల ఏబదినాలుగు దినముల వఱకు భూగర్భమున పొదుగబడును. మన స్త్రీలు నాగులచవితినాడు ఏ పుట్టకు పాలు పోసి తమ బిడ్డలను చల్లగా చూడుమని వేడుకొందురో, అట్టి పుట్టలోనే మఱియొక తల్లి తన బిడ్డలను భూదేవికి అప్పగించి పోవుచున్నది. ఆ తల్లికి మేతయు నీరును ఎంత యవసరమో, త్రవ్వుటకు లోతైన తడిమట్టియు అంత యవసరము. మన్ను లేనిదే దాని ప్రసవము లేదు.

ఈ యేర్పాటులో ఒక్కటి లోపించినను దేహము మన్నింపదు. మగతోడు లేకున్నను ఆడు ఉడుము అండాశయము ఋతువు వచ్చినపుడు తన పనిని తాను చేయవచ్చును. కావున ఒంటరిగా పెంచిన ఉడుమునకు ఈ బాధ రాదనుకొనుట పొరపాటు. ఇందు రెండు తెఱగుల విపత్తులను పశువైద్యులు గుర్తించియున్నారు. అండములు పచ్చసొనతో నిండి పెరిగియు, అండాశయమును విడువక, కరగియుపోక, గుత్తులుగా అచ్చటనే నిలిచిపోవుట మొదటిది. అవి చిట్లినచో పచ్చసొన ఉదరమున వ్యాపించి, లోపలి పొరలను వాపజేసి ప్రాణము తీయును. తోలువంటి పెంకు కట్టిన గ్రుడ్లు అండవాహికలో చేరియు, పెట్టుటకు తగిన చోటు దొరకక తల్లి లోననే బిగబట్టుకొనుట రెండవది. త్రవ్వదగిన మన్ను లేకపోవుటయు, వేడిమి చాలకపోవుటయు, సూర్యరశ్మి తగులక దేహము సున్నపు ధాతువును గ్రహింపలేకపోవుటయు, నీటికొఱతయు, తిరుగుటకు తావు లేక ఎలుకలు మేసి క్రొవ్వు పట్టుటయు దీనికి కారణములు. వైద్యుడు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలవలన స్థితిని నిర్ణయించి, కొన్నిటికి నీటిని, కాల్షియమును, ఆక్సిటోసిన్ సూదిమందును ఇచ్చి చూచును. అవి ఫలింపనిచో ఉదరము కోసి గ్రుడ్లను, అండాశయములను తొలగించుటయే శరణ్యము. అప్పటికి ప్రాణము నిలువవచ్చును గాని ఆ ప్రాణి మఱి తల్లి కాజాలదు. గృహస్థుడు అపాయము గలిగించెడు శత్రువును వెలుపల వెదకెను. కాని అపాయము తాను కట్టించిన ఆ గచ్చునేలయే.

పశువులకు వైద్యము చేయుట మన నాగరికతకు క్రొత్త గాదు. అందును ధర్మపురికి ఈ విషయమున ఒక విశిష్టమైన గౌరవము కలదు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి తన రెండవ శిలాశాసనమునందు, తన రాజ్యమున మాత్రమే గాక చోళ, పాండ్య, సతియపుత్ర, కేరళపుత్ర సీమలయందును మనుష్యచికిత్స, పశుచికిత్స యను రెండు చికిత్సలను ఏర్పఱచితినని చాటెను. ఆ శాసనపుప్రతి మన కర్నూలు మండలమునందలి ఎఱ్ఱగుడి బండలపై నేటికిని కలదు. ఈ సతియపుత్రులెవరను చర్చ చిరకాలము సాగి, 1981లో తిరుక్కోయిలూరు చేరువనున్న జంబై గ్రామపు శాసనమున సతియపుత్రుడు అతియన్ నెడుమాన్ అంజియను పేరు కనబడుటతో కొలిక్కి వచ్చినది. ఆ అతియమానుల రాజధాని తగడూరే నేటి ధర్మపురి. అనగా ఇంచుమించు రెండువేల మూడువందల యేండ్ల క్రిందట, మూగజీవముల రోగమునకు మందు ఉండవలెనని పలికిన రాజశాసనమున ఈ నేల పేరిటి ప్రభువులు చేరియున్నారు. అదే అశోకుడు తన యైదవ స్తంభశాసనమున, చూలుతో నున్న మేకలను, గొఱ్ఱెలను, పందులను, పాలిచ్చు తల్లులను, ఆఱు నెలలు నిండని పిల్లలను చంపరాదని నియమించెను. గర్భిణియైన పశువును ప్రత్యేకముగా తలచిన ఆ దయకు నేను నమస్కరించుచున్నాను. ఏలయన, ఒక ప్రాణియెడల మన వర్తనము ఎట్టిదో తేలుట అది గర్భము ధరించినపుడే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. విదేశములలో పెద్ద ఉడుములను లోతైన మట్టితో, తగిన వేడిమితో, కిరణదీపములతో శ్రద్ధగా పెంచువారు కలరు గదా. జంతుశాలలలో అవి పిల్లలను గూడ పెట్టుచున్నవి గదా యని. నిజమే. ఇంగ్లాండునందలి చెస్టర్ జంతుశాలలో ఫ్లోరాయను కొమోడో పెనుఉడుము మగదాని పొత్తు నెఱుగకయే పెట్టిన గ్రుడ్లలో జీవము కలదని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించి లోకమును విస్మయపఱచిరి. 1976లో మహాబలిపురమునకు చేరువ నెలకొన్న మదరాసు మొసళ్ల సంరక్షణకేంద్రమున నీటి ఉడుముల సంతానోత్పత్తిని పరిశీలకులు వ్రాసియుంచిరి. అంతరించు జాతిని నిలుపుటకును, దాని స్వభావమును తెలిసికొనుటకును తజ్ఞులు పూనిన ఆ దీక్ష వేఱు. ఇంట వింతగా నుండునని తెచ్చి పెంచుట వేఱు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చి, దానిని పట్టుటను, పెంచుటను, అమ్ముటను మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్ల వఱకు కారాగారశిక్షకు తగిన నేరముగా విధించినది. చట్టమును చూపి వాదమును ముగించుట నా యభిమతము గాదు. అది చేయిని ఆపగలదు గాని మనస్సును ఒప్పింపవలసినది ధర్మవిచారమే.

ఆ విచారమున మొదట మన పట్టులెన్ని విధములో చూడుదము. స్మృతికారులు అయిదు గోళ్ల జంతువులలో తినదగినవిగా కొన్నిటిని లెక్కించుచు అందు గోధను చేర్చిరి. రామాయణమున నేలగూలిన వాలి శ్రీరాముని నిలదీయుచు ఆ జాబితానే పేర్కొని, అందు వానరము లేదు గదా యనెను. ఉడుము చర్మము కంజీరపై బిగిసి, భగవన్నామసంకీర్తనమునకు తాళము వేసినది. నేడు దానికి బదులు కృత్రిమపు చర్మములు వచ్చుట సంతోషము. అన్నిటికంటె హృదయవిదారకమైన సంగతి 2017లో బయల్పడినది. హత్తాజోడి యను పేర, చేతులు జోడించిన యాకారము గల అరుదైన మొక్కవేరని చెప్పి, పూజామందిరమున నుంచిన ధనము కలిసివచ్చునని నమ్మించి అమ్ముచుండినది వేరు కాదనియు, మగ ఉడుము జననాంగమును కోసి ఎండబెట్టినదే యనియు పరీక్షలలో తేలినది. భక్తుడు పసుపుకుంకుమలు పెట్టి మ్రొక్కినది ఒక ప్రాణి సంతానశక్తిని నఱికి తెచ్చిన ముక్కకు! అతడు తెలియక చేసియుండవచ్చును గాని, తనకు కలిమి కావలెనన్న కోరిక ముందు నిలువగా, ఇది ఎచ్చటనుండి వచ్చినదన్న ప్రశ్న వెనుకబడినది. ఇంట ఆడు ఉడుమును పెంచిన గృహస్థునియందును జరిగినది ఇదియే. తనకు తోడు కావలెనన్న కోరిక ముందు నిలిచెను. దానికి మన్ను కావలెనన్న యెఱుక వెనుకబడెను. ఒకడు చంపెను, ఒకడు పెంచెను. పట్టు మాత్రము ఒక్కటియే.

మన పురాణకథలు ఈ పట్టును గుఱించి మనలను ముందే హెచ్చరించినవి. బౌద్ధజాతకములలో బోధిసత్త్వుడు ఉడుమై పుట్టి, పుట్టచెంత నున్న తాపసుని ప్రతిదినము దర్శింపబోవుచుండెను. ఊరివారు పెట్టిన ఉడుముమాంసపు రుచి మరగిన ఆ తాపసుడు, ఆశ్రమమునకు నమ్మికతో వచ్చు ఉడుమునే చంపుటకు కఱ్ఱను దాచుకొని కూర్చుండెను. బోధిసత్త్వుడు ఆతని వాలకమును, గాలిలోని వాసనను పసిగట్టి తప్పించుకొనెను. కాంచీపురప్రాంతపు మాగఱల్ క్షేత్రమున, చోళరాజు తరిమిన బంగారు ఉడుము పుట్టలో దూరగా అచ్చట ఈశ్వరుడే వెలసెనని స్థలపురాణము. ఆ లింగము ఉడుముతోక యాకృతి గలదని భక్తులు చూపుదురు. వంగదేశమున ముకుందరామ చక్రవర్తి రచించిన చండీమంగళమందు, వేట దొరకని కాలకేతుడను బోయ దారిలో కనబడిన బంగారు ఉడుమును వింటికి కట్టి యింటికి తెచ్చును; ఇంట అది స్త్రీరూపము దాల్చి చండికగా సాక్షాత్కరించును. ఈ మూడు కథలను ఒకచోట చేర్చి చూచినపుడు నాకు తోచు అర్థమిది: మనము ఆహారమనియో, వేటయనియో, వింతయనియో పట్టిన ప్రాణి నిజమునకు మన పట్టులో ఇముడునది కాదు, దానియందు మనకంటె పెద్దదైన మాతృశక్తి యొకటి నిలిచియున్నది. బోయ యింటి ఉడుము జగన్మాత యయ్యెనన్న కథను విన్నవారు, గచ్చుపై గోళ్లరుగ గీకుచున్న ఆడు ఉడుమును చూచి అది కథ మాత్రమేయని త్రోసిపుచ్చజాలరు.

ఇక దయకును మమతకును గల భేదమును భాగవతము పంచమస్కంధమునందలి భరతోపాఖ్యానము వలె విశదపఱచిన కథ వేఱొకటి లేదు. పోతన భాగవతమున ఆ స్కంధమును గంగనార్యుడు తెలుగు చేసెను. రాజ్యము విడిచి తపస్సునకు వచ్చిన భరతుడు గండకీనదిలో స్నానమాడుచుండ, నీరు త్రావుచున్న నిండుచూలాలైన లేడి సింహగర్జనమునకు బెదరి దుమికెను. గర్భము జాఱి పిల్ల ఏటిలో పడెను, తల్లి ప్రాణము విడిచెను. భరతుడు కొట్టుకొనిపోవు పిల్లను ఎత్తెను. అది దయ, దానిని ఏ శాస్త్రమును నిందింపలేదు. పిల్ల పెరిగి గడ్డి మేయ నేర్చిన పిదప, మందలో కలువదగిన వయస్సు వచ్చిన పిదప, అది కనబడకున్న క్షణమున తన తపస్సునే మఱచి పరితపించుట మొదలైనపుడు దయ మమతగా మాఱినది. మరణకాలమున దానినే తలచి ఆ రాజర్షి లేడియై పుట్టెను. దయ, ఈ ప్రాణికి ఏమి కావలెనని యడుగును. మమత, ఈ ప్రాణి నాకు కావలెనని యనును. రెండును ఒకే కంటినుండి నీరు తెప్పించును గనుక వాని తేడా పట్టుట కష్టము. గర్భిణియైన ప్రాణి ముందు నిలిచినపుడు మాత్రము ఆ తేడా దాగదు. దానికి నీ ముద్దు అక్కఱలేదు, నీ మేత అక్కఱలేదు. మూరెడు లోతు తడిమట్టి కావలెను, చూపరులు లేని ఏకాంతము కావలెను, పిమ్మట విడిచిపోవు స్వేచ్ఛ కావలెను. అవి యిచ్చుటకు మన ఇల్లు చాలదు.

ఇందుకు ఆదర్శము మనకు దూరమున లేదు. తమిళదేశమున కడపటి యేడుగురు వదాన్యులని కీర్తింపబడిన దాతలలో ఈ తగడూరు ప్రభువైన అతియమాన్ ఒకడు. దీర్ఘాయువునిచ్చు ఉసిరికపండు చేజిక్కినపుడు తాను భుజింపక కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చెనని ప్రసిద్ధి. ఆ యేడుగురిలో పారి, ప్రాకుటకు ఆధారములేని మల్లెతీగకై తన రథమును నిలిపి విడిచి నడచిపోయెను. పేగన్, చలికి వణకుచున్నదని తలచి నెమలికి తన పైవస్త్రమును కప్పి వెడలిపోయెను. ఈ కథలలో వారు ఇచ్చినదానికంటె, ఇచ్చిన తరువాత వారు చేసిన పని నన్ను ఎక్కువగా కదలించును. పారి ఆ తీగను పెకలించి తన తోటకు తేలేదు. పేగన్ ఆ నెమలిని పంజరమున నుంచలేదు. తీగను తీగయున్న చోటనే, నెమలిని నెమలి కొండయందే యుంచి, తమదైన దానిని విడిచి వచ్చిరి. పట్టుకొనక ప్రేమించుట సాధ్యమా యని సందేహించువారికి ఈ నేల రెండువేల యేండ్ల క్రిందటనే చెప్పిన సమాధానమిది.

ఆ దానధర్మము నేడును మన చేతిలో నున్నది. 2022లో తమిళనాడు ప్రభుత్వము కృష్ణగిరి, ధర్మపురి మండలముల యడవులలో ఆఱువందల ఎనుబదియాఱు చదరపు కిలోమీటర్ల పైబడిన భూమిని కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. ఉడుమునకు అక్కడ బండలున్నవి, పుట్టలున్నవి, వాగుగట్లున్నవి. కావున చదువరులకు నా విన్నపమిది. పొలమున ఉడుముపిల్ల కనబడినచో తల్లి లేదని జాలిపడి యింటికి తేకుడు. గ్రుడ్డు పగులగొట్టుకొని మంటినుండి వెలువడిన ఆ పిల్ల మొదటి దినము నుండియే ఒంటరిగా బ్రతుక నేర్చినది. గట్టునందో పుట్టయందో దాని గ్రుడ్లు కనబడినచో మన్ను కప్పి, ఆ చోటు ఎవరికిని చెప్పక వెడలిపొండు. ఇంట ఇప్పటికే ఉడుము ఉన్నచో, అది మీకెంత ప్రియమైనదైనను, అటవీశాఖవారికి అప్పగింపుడు. అది నేలను గీకుచు మేత మానియున్నచో ఆ సంగతిని మొదట వారికి తెలుపుడు, ఏలయన ప్రతిదినమును విలువైనదే. హత్తాజోడి యని ఎవరేమి అమ్మజూపినను కొనకుడు. ఉడుము తన పట్టును ఆపద తీరినంతనే విడుచును. మనమును విడువ నేర్తుము గాక.